ముగ్గుపిండి కొరియా

మా సోషల్ టీచరమ్మ పోయిన శుక్రవారం పొద్దున సిద్దిపేట దవాఖానలో కన్నుమూశారు. గుండె జబ్బు కొంతకాలంగా ఉన్నదే. అయినా ఆ కబురు మా పాత విద్యార్థినుల గ్రూపులో చూసినప్పుడు నాకు ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. పాలిటెక్నిక్‌లో క్లాసు చెబుతున్నదాన్ని ఆపేసి, పిల్లలతో "మా టీచర్ పోయారు" అన్నాను. వాళ్లే నా సంచీ సర్ది, బస్టాండు దాకా వచ్చి సిద్దిపేట బస్సు ఎక్కించారు.

ఇంటి ముందు షామియానా కింద ఆడవాళ్లే ఎక్కువ. మర్కూక్ నుంచి ఒకరు, మద్దూరు నుంచి ఒకరు, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఒకరికొకరం తెలియదు. ఏ సంవత్సరం చదివావని అడుగుతారనుకున్నాను. వాళ్లు చెప్పుకున్నది వేరే.

"నేను బుసాన్‌ల నిలబడ్డ," అంది హుస్నాబాద్‌లో నర్సుగా పనిచేసే ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

"మాది సియోల్. నూకుడే నూకుడు. టీచర్‌కు చెప్తె, గాడ గట్లనే ఉంటదే, సగం దేశం రాజధాని చుట్టే ఉంటది, సర్దుకోన్రి అన్నది," అంది పక్కనున్నావిడ.

"నేను సముద్రంల నిలబడ్డ," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. "ఓ! గా బ్యాచా మీరు!" అని ఒక్కసారిగా నవ్వేశారు. మా టీచరమ్మ మా తర్వాతి పిల్లలందరికీ మా సంగతి చెప్పారన్నమాట. చావింట్లో ఆ నవ్వులేమిటని ఒక పెద్దావిడ కసిరింది. ఆవిడకు ఎట్లా చెప్పేది? ఆ నవ్వు కూడా మా టీచరమ్మదే.

మాది అమ్మాయిల సర్కారు బడి. శనివారం ఆఖరి పీరియడ్ సోషల్. మామూలుగా ఆ పీరియడ్‌లో ఏ టీచరైనా నోట్సు దిద్దుకుంటారు. మా టీచరమ్మ మాత్రం చేతిలో ముగ్గుపిండి డబ్బాతో మైదానంలోకి నడిచేవారు. తొమ్మిదో తరగతిలో మాకు చెప్పిన దేశం దక్షిణ కొరియా. పరీక్షకు అక్కర్లేని దేశం. ఎందుకు ఆ దేశమే అంటే ఆవిడ లెక్క ఆవిడకుంది. "మన తెలంగాణకన్న జరంత చిన్నది. కని జనం మనకన్న ఎక్కువ. మనలెక్కనే వరి నాటేస్తరు. మూడొంతులల్ల రెండొంతులు గుట్టలే. ఒకప్పుడు తిండికి సుత కటకటలాడిన్రు. గిప్పుడు ఓడలు చేస్తున్నరు, కార్లు చేస్తున్నరు. ఎట్ల చేసిన్రో మనం తెల్సుకోవద్దా?" అనేవారు.

ఆ రోజు ఆవిడ నీడను చూసి ఉత్తరం దిక్కు పట్టుకున్నారు. దేశం ఎటు తిరిగి ఉందో అటే గీయాలని ఆవిడ పట్టుదల. మైదానంలో సగం దాకా కొరియా పరిచారు. పైన చైనా గీత, కుడిపక్క తూర్పు సముద్రం, కింద జెజు దీవి. ఊరికో కంకర రాయి పెట్టి, ఎవరిది ఏ ఊరో మాకు పంచారు. "నేను చెయ్యి కడుక్కొని వస్త. పోయి మీమీ ఊర్లల్ల నిలబడున్రి," అని వెళ్లారు.

తిరిగి వచ్చేసరికి కొరియాలో ఒక్క మనిషి లేదు. మేమంతా గీత బయట, చుట్టూ నిలబడి ఉన్నాం. ముగ్గు తొక్కకూడదు కదా! నడక వచ్చినప్పటి నుంచి గడప ముందు నేర్చిన మర్యాద అది. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. అందరి కాళ్లూ వాటంతట అవే గీత దగ్గర ఆగిపోయాయి.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. "ఏందే ఇది? దేశమంత ఖాళీ, సముద్రమంత జనం!" అని, నవ్వు ఆపుకోలేక బోరింగు గట్టు మీద కూలబడ్డారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక లేచి వచ్చారు. "మీ అవ్వలు మంచిగనే నేర్పిన్రు. ఎవలింటి ముంగట ముగ్గు తొక్కకున్రి. కని దేశాన్ని అంచుకు నిలబడి చూస్తె బొమ్మనే కనవడ్తది. లోపటికి రావాలె." చెప్పులు విడిచి, ఆవిడే ముందుగా లోపలికి నడిచారు. "చెప్పులిడ్సి రాన్రి. వాళ్లు గూడ ఇంట్లకు చెప్పులేస్కొని పోరు."

అట్లా మేము కొరియాలోకి వెళ్లాం.

ఇంకో సంగతి కూడా అప్పుడే జరిగింది. దేశం మధ్యలో ఆవిడ అడ్డంగా ఒక గీత గీశారు. గీతకు అవతల ఉత్తర కొరియా, ఇవతల దక్షిణ కొరియా. గీత దాటొద్దన్నారు. దిక్కులు నిజంగా పెట్టారు కాబట్టి, నీళ్ల బోరింగు ఉత్తరాన పడింది. ఎండలో కాసేపటికి మాకు దాహమైంది. నా దోస్తూ నేనూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లం. దోస్తు ఉత్తరంలో పడింది, నేను దక్షిణంలో. అది బోరింగు కొట్టుకుని నీళ్లు తాగుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. "టీచర్, పోనియ్యున్రి టీచర్," అని బతిమాలాను.

"అక్కాచెల్లెండ్లు గిట్లనే నిలబడ్డరు బిడ్డా," అన్నారు ఆవిడ. అప్పుడు నవ్వలేదు. "ఒక్కటే భాష, ఒక్కటే బువ్వ. లడాయిల గీత గీసిన్రు. గా గీత గిప్పటికి ఉన్నది." తర్వాత కాలితో ఆ గీతను చెరిపేసి, అందరినీ నీళ్లు తాగమన్నారు. "మనది ముగ్గుపిండి గీత గాబట్టి చెరిగింది," అన్నారు.

ఆ ముక్క నేను ఏ పుస్తకంలో చదివినా అంతగా ఎక్కి ఉండేది కాదు. ఆగస్టు పదిహేను వాళ్లకు కూడా జెండా పండుగేనని, జపాను పాలన నుంచి వాళ్లు బయటపడింది ఆ తేదీనేనని చెప్పినప్పుడు, కొరియా మాకు పక్కూరంత దగ్గరైపోయింది. వాళ్ల రాజు ఒకాయన మామూలు జనం చదువుకోవాలని సులువైన అక్షరాలు చేయించాడని, మిలిటరీ పాలకులను విద్యార్థులు, కూలీలు వీధుల్లోకి వచ్చి దింపారని కూడా అక్కడే, ఆ మట్టిలో నిలబడే విన్నాం. హెడ్మాస్టరు గారు వరండాలోంచి ఇదంతా చూస్తూ ఒకసారి అడిగారు. "మేడం, టెన్త్‌ల ఒక్క మార్కు రాని దేశానికి గింత టైమెందుకు?"

"టెన్త్ అయినంక గూడ వీళ్లు బతకాలె గద సార్," అన్నారు టీచరమ్మ.

ఆవిడకు మరో అలవాటుండేది. తెలియని ప్రశ్న అడిగితే "తెల్వది" అని గట్టిగా, ఏ మాత్రం తగ్గకుండా చెప్పేవారు. మర్నాడు హాజరు పిలవకముందే జవాబు చెప్పేవారు. ఒక్కోసారి "నిన్న మస్తు చూసిన, దొర్కలే, ఇంకా తెల్వది" అని కూడా చెప్పేవారు. తెలియదు అనే మాటను అంత దర్జాగా అన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక నా సంగతి. మాది నేత ఇల్లు. నాయనమ్మ గొల్లభామ చీరలు నేసిన చేయి. బాపు భీవండికి వలసపోయి, చాలా ఏళ్లు సాంచెలు నడిపి, కరెంటు మగ్గాల ఆ హోరుకు చెవి మందగించాక ఇంటికొచ్చి గుంట మగ్గం మీద కూర్చున్నాడు. నేను బట్టల తయారీ చదువులో చేరాను. చదువు చివరి దశలో ఒక అవకాశం తగిలింది. దక్షిణ కొరియాలో దేగు అనే ఊరి విశ్వవిద్యాలయంలో ఒక విద్యా సంవత్సరం చదవొచ్చు, ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటారు. వస్తానో రానో ఆ వారంలోపు చెప్పాలి.

ఇంట్లో ఒకటే మాట. వద్దు. కోపం లేదు, కొట్లాట లేదు. "గా దేశం ఎట్లుంటదో ఎవలకెర్క? తెల్వని జాగకు ఆడపిల్లను ఎట్ల తోల్తం?" అన్నాడు బాపు. అమ్మ ఏడ్చింది. నాకు చదువు మీదే ప్రాణం. ఈ ఒక్కటీ పోతే మళ్లీ అటువంటి తలుపు తెరుచుకోదని నాకు తెలుసు. నేను నేరుగా టీచరమ్మ ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు.

విన్నారు. లేచి లోపలికి వెళ్లి, ముగ్గుపిండి డబ్బా తెచ్చుకున్నారు. ఆటోలో వస్తూ నాతో ఒక మాటన్నారు. "నేను పంపున్రి అని చెప్ప. దేశం ఎట్లుంటదో చెప్త, గంతే. పంపుడు, పంపకపోవుడు వాళ్ల ఇష్టం." నాకు కావలసింది వకాల్తా పుచ్చుకునే మనిషి. ఆవిడ పాఠం చెప్తానంటున్నారు.

మగ్గానికీ గడపకూ మధ్య ఉన్న జాగలో ఆవిడ కొరియా గీశారు. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. బాపు మగ్గం గుంటలోంచి లేవలేదు, అటూ ఇటూ ఆడే నాడెను మాత్రం ఆపాడు.

"గాడ ఏం తింటరు బిడ్డా?" అడిగింది నాయనమ్మ. ఆవిడకు దేశమంటే ముందు అది తెలియాలి.

"బువ్వనే అవ్వా. మూడు పూటల బువ్వనే. క్యాబేజీకి ఉప్పు, కారం వట్టిచ్చి కుండలల్ల మాగవెడ్తరు. సలికాలం ముంగట వాడకట్టు ఆడోళ్లంత కూడి పెడ్తరు, మనం ఎండకాలం మామిడికాయ తొక్కు వెట్టినట్టు."

"మరి నీసు?" అంది అమ్మ.

"పంది తింటరు, ఎద్దు కూర తింటరు. దాస్తె దాగేది గాదు. ఈమెను ఎవలు బలిమి చెయ్యరు. కని ఏ కూరల ఏమున్నదో అడిగి తినాలె."

"దేవుడున్నడా?"

"బుద్ధుని గుళ్లున్నయి, చర్చిలున్నయి, ఎవలకు మొక్కనోళ్లు గూడ మస్తుమంది. కని పెద్దలకు వెడ్తరు. మనం పెత్రమాస చేసే కాలంలనే, జరంత అటిటుగ, కొత్త బియ్యంతోని చేసి పెద్దల పేరు మీద వెట్టి మొక్కుతరు."

నాయనమ్మ తల ఊపింది. "పెద్దలకు పెట్టేటోళ్లు పరాయోళ్లు గారు," అంది. నా ప్రాణం లేచి వచ్చింది. అక్కడితో ఆపితే పని అయిపోయినట్టే. టీచరమ్మ ఆపలేదు.

"ఒక దిక్కు ఇన్నవు అవ్వా. ఇంకో దిక్కు గూడ ఇను," అని దేశం మధ్యలో అడ్డగీత గీశారు. "లడాయి ఆగింది గని అయిపోలే. రెండు దేశాలు ఇంకా రాజీ కాగితం రాసుకోలే. గీతకు అటిటు పటాలాలు కాపల ఉన్నయి."

బాపు గుంటలోంచి పైకి వచ్చాడు. "మల్ల రాదా లడాయి?"

"నాకు తెల్వది. మీరు పుట్టకముందు ఆగింది, గిప్పటిదాంక మల్ల పెద్ద లడాయి రాలే. రేపటి ముచ్చట నేను చెప్పలేను."

ఇంకా చెప్పారు. అక్కడ పని గంటలు ఎక్కువని, పనయ్యాక తాగుడు కూడా ఎక్కువని. చదువుల పోటీ పిల్లల్ని నలిపేస్తుందని. పిల్లల్ని కనడం బాగా తగ్గిపోయిందని, ముసలివాళ్లు చాలామంది ఒంటరిగా బతుకుతున్నారని. చలికి ముక్కు పగులుతుందని. భాష రాకపోతే గుంపులో కూడా దిక్కులేనట్టుంటుందని. నేను ఉండబట్టలేక "టీచర్!" అన్నాను.

"ఆగు," అన్నారు నా వైపు చూడకుండానే. "నువ్వు పోయి కండ్లతోని చూస్తవు. వీళ్లు గీడ కూసొని తలుస్కుంటరు. గీడున్నోళ్లకే ఎక్కువ తెల్వాలె."

నాయనమ్మే అడిగింది. "నీ బిడ్డైతె పంపుతవా?"

టీచరమ్మ చేతికంటిన పిండి దులుపుకున్నారు. "నన్ను పంపేటోళ్లుంటె నేనే పోదును అవ్వా. చిన్నప్పుడు హైదరాబాద్‌ల చదువుకుంట అని అడిగిన. మా ఇంట్ల ఎవలకు హైదరాబాద్ తెల్వది. తెల్వది గాబట్టి వద్దన్నరు. చెడ్డోళ్లు గారు మా ఇంటోళ్లు. చెప్పేటోళ్లే లేకుండె."

ఇంతకాలం ఆవిడ శనివారం శనివారం ఎందుకు మైదానంలో దేశాలు పరిచారో నాకు అప్పుడు తెలిసింది. పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండి చదివి, పరీక్షలు రాసి, టీచరయ్యారని మాకు ముందే తెలుసు. ఈ ముక్క మాత్రం తెలియదు.

బాపు ముగ్గు అంచున గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని మనిషి.

"నన్ను భీవండికి తీస్కపోయిన మేస్త్రి గాడ అంత మంచిగనే ఉంటదన్నడు టీచరమ్మా. ఒక్క చెడ్డ ముచ్చట చెప్పలే. పోయినంక తెల్సింది. సాంచెల పక్కనే పండాలె, గా సప్పుడుల్నే తినాలె. మా అవ్వకు," అని నాయనమ్మ వైపు చూశాడు, "నేను ఏడ ఉన్ననో, ఎట్లున్ననో తెల్వదు. ఎవలన్న వచ్చి గిట్ల గీసి చెప్తె ఎంత బాగుండు. మీరు చెడ్డది గూడ చెప్పిన్రు. గందుకే మీ మాట మీద నమ్మిక కుదిరింది." గీతల మీదికి వంగి అడిగాడు. "మా బిడ్డ ఉండే ఊరేది?"

టీచరమ్మ వేలు పెట్టి చూపించారు. "దేగు. అది గూడ బట్టల ఊరే."

బాపు మగ్గం మీది నూలు కండె ఒకటి తెచ్చి అక్కడ పెట్టాడు. ముగ్గు మీద అడుగు పెట్టి, లోపలికి నడిచి మరీ పెట్టాడు. అమ్మ మళ్లీ ఏడ్చింది, ఈసారి నా బట్టలు సర్దుతూ.

దేగు వెళ్లాక నాకు ఆశ్చర్యం పెద్దగా కలగలేదు. అదే నాకు గర్వం. తోటి విదేశీ పిల్లలు ప్రతిదానికీ బిత్తరపోతుంటే, నేను తెలిసిన వాడకట్టులో తిరిగినట్టు తిరిగాను. అక్కడి మర్యాద ప్రకారం ఏ వస్తువైనా రెండు చేతులతో ఇచ్చాను, రెండు చేతులతో పుచ్చుకున్నాను. రంగుల ల్యాబులో మాస్టారు నా చేతి నేర్పు చూసి మెచ్చుకుంటే, మా నాయనమ్మ నూలుకు రంగులద్దే తీరు గురించి చెప్పాను. దిగులేసిన రోజులు లేకపోలేదు. ఆ దిగులు కూడా చెప్పి పంపిన దిగులే కాబట్టి భయపెట్టలేదు.

టీచరమ్మ నన్ను ఊరికే వదల్లేదు. వారానికోసారి ప్రశ్నలు పంపేవారు. కూరగాయల అంగట్లో ముసలివాళ్లు ఎట్లా ఉన్నారు? బస్సులో పెద్దవాళ్లకు పిల్లలు లేచి చోటిస్తున్నారా? బడి పిల్లలు సాయంత్రం ఏ వేళకు ఇల్లు చేరుతున్నారు? ఒకసారి నేను రాశాను, "టీచర్, మూడు పూటలా అన్నం తినడం ఇప్పుడు తగ్గింది, మా హాస్టల్ పిల్లలు పొద్దున కాఫీ, బ్రెడ్డుతో సరిపెడుతున్నారు" అని. మర్నాడు అమ్మ ఫోను చేసి నవ్వుతూ చెప్పింది. టీచరమ్మ ఆటో కట్టించుకుని మా ఇంటికి వెళ్లారట. గుండె నొప్పి అప్పటికే మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. గడపలో నిలబడే నాయనమ్మతో "అవ్వా, నేను మొన్న చెప్పింది జర తప్పైంది. పడుచోళ్లు మూడు పూటల బువ్వ తింటలేరట" అని చెప్పి, చాయ్ తాగి వెళ్లారట. ఇటువంటి మనిషి దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడానికి నాకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఇవాళ నేను పాఠం చెప్పే పిల్లలు రంగులు కలుపుతూ "ఇది ఎందుకిట్ల అయింది మేడం?" అని అడిగితే, తెలియనప్పుడు తెలియదనే చెబుతున్నాను. గొంతు మాత్రం ఆవిడలాగా ఇంకా లేవడం లేదు.

ఆవిడను తలుచుకుంటే నాకు కళ్ల ముందుకొచ్చేది మాత్రం నేను దేగులో ఉన్న ఆ చలికాలపు ఒక సాయంత్రం. సెలవుల్లో విశ్వవిద్యాలయం వాళ్లు మమ్మల్ని తూర్పు కొండల వైపు తీసుకెళ్లారు. మోకాలి లోతు మంచు. టీచరమ్మకు వీడియో కాల్ చేశాను. సిద్దిపేటలో మధ్యాహ్నం. ఫోను చూడగానే టీచరమ్మ "ఆగు ఆగు" అని, వాడకట్టు ఆడవాళ్లందరినీ కేకేసి పిలిచారు. బీడీలు చుట్టేవాళ్లు చాటలతో సహా వచ్చారు. ఆవిడ ఫోను కిటికీకి ఆనించి, నాకు వీపు పెట్టి, వాళ్ల వైపు తిరిగి నిలబడ్డారు.

"గివి తూర్పు గుట్టలు. వానాకాలం గీడికెళ్లే వాగులు దిగుతయి. గా తెల్లగ కనవడేది దూది గాదు, మంచు..."

"అయ్యో, గా పిల్లకు సలి వెడ్తలేదా టీచరమ్మా?" అందొకావిడ.

"అడుగుదాం ఆగు. ముందు గుట్టలు చూడున్రి," అన్నారు.

నాకు ఆవిడ ముఖం కనబడటం లేదు. నెరిసిన జడ, గాలిలో ఆడే చేయి, ఆ చేతికి అవతల విప్పారిన కళ్లు మాత్రం కనబడుతున్నాయి. వేళ్లు మొద్దుబారుతున్నాయి. బస్సు దగ్గర మావాళ్లు పిలుస్తున్నారు. నేను ఫోను దించలేదు. గుట్టలు వాళ్లకు బాగా కనబడాలని చేయి ఇంకొంచెం పైకెత్తి, మంచులో నిలబడి పాఠం విన్నాను.